ఖరీదైన అకౌస్టిక్ గిటార్‌ను కార్యక్రమాలకు వాడవచ్చా? ఏళ్ల తరబడి నిలవాలంటే ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు హైదరాబాద్‌లో ఉంటూ పెళ్లిళ్ల సంగీత్‌లకు, చర్చి ఆరాధనలకు, వారాంతాల్లో కాఫీ షాపుల్లో జరిగే కచేరీలకు గిటార్ వాయిస్తున్నారు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య మార్టిన్ కంపెనీ అకౌస్టిక్ గిటార్ డి-28 కొని తెచ్చారు. ఇంత ఖరీదైన వాద్యాన్ని స్టేజీ మీదికి తీసుకెళ్లాలా, లేక దాన్ని ఇంట్లో ఉంచి పాత గిటార్‌తోనే నడిపించాలా, వాడితే ఎన్నేళ్లు నిలుస్తుంది అన్నవి మీ సందేహాలు.

తీసుకెళ్లండి. వాయించడం వల్ల మంచి గిటార్ పాడవదు. ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) అరుగుతాయి, తీగలు తుప్పు పడతాయి, పాలిష్ మీద గీతలు పడతాయి. వీటిలో కొన్ని మార్చుకోగలిగినవి, మిగతావి పట్టించుకోనక్కర్లేనివి. గిటార్‌ను నిజంగా దెబ్బతీసేది గాలిలో తేమ హెచ్చుతగ్గులు, ఎండ వేడి, ప్రయాణంలో తగిలే దెబ్బలు. మొదటి రెండూ వాయించని గిటార్‌ను కూడా వదిలిపెట్టవు. గోడకు ఆనించి ఏడాదిపాటు ముట్టుకోని గిటార్‌కు పగుళ్లు రావడం, వారం వారం కార్యక్రమాలకు తిరిగిన గిటార్ నిక్షేపంగా ఉండటం నేను చాలాసార్లు చూశాను. రోజూ చేతిలోకి తీసుకునేవారికి యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) కాస్త మారినా, ఫ్రెట్ అంచు వేలికి గుచ్చుకున్నా ఆ రోజే తెలిసిపోతుంది. దాచిపెట్టినవారికి ఎప్పటికో గాని తెలియదు.

ఎన్నేళ్లు నిలుస్తుందన్నదానికి అమెరికన్ గాయకుడు విల్లీ నెల్సన్ గిటార్ ఒక్కటి చాలు. ఆయన ‘ట్రిగ్గర్’ అని పేరు పెట్టుకున్న మార్టిన్ ఎన్-20ని 1969లో కొన్నారు. అప్పటి నుంచి దశాబ్దాలపాటు ఊరూరా కచేరీలకు అదే. నైలాన్ తీగలతో వేళ్లతో మీటడానికి చేసిన గిటార్ కాబట్టి దానికి పిక్ దెబ్బల నుంచి పలకను కాపాడే పిక్‌గార్డ్ లేదు. ఆయన పిక్‌తో వాయించీ వాయించీ సౌండ్ హోల్ కింద పై పలకకు ఇంకో రంధ్రమే పడింది. అయినా అది మోగుతూనే ఉంది, ఎందుకంటే అమెరికాలోని ఆస్టిన్ నగరానికి చెందిన ఒక నిపుణుడు దాన్ని క్రమం తప్పకుండా చూసుకుంటూ, లోపలి బ్రేసులు (పలకకు ఆసరాగా అతికించే చెక్క బద్దలు), పలక వదులు కాకుండా కాపాడుతూ వచ్చాడు. మీ డి-28 ఉక్కు తీగల గిటార్, దాని మీద భారం ఇంకా ఎక్కువ. కానీ సూత్రం అదే: పైకి కనిపించే అరుగుదల వేరు, లోపలి నిర్మాణం వేరు. మీరు కాపాడవలసింది రెండోదాన్ని.

ఆ నిర్మాణం సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగతా జాగ్రత్తలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. డి-28 పై పలక సిట్కా స్ప్రూస్, మందం సుమారు మూడు మిల్లీమీటర్లు. 12-53 అనే మందం గల లైట్ సెట్ తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు మొత్తం బిగువు దాదాపు 74 కిలోలు ఉంటుంది. అంత పలచని చెక్క రాత్రింబవళ్లు ఆ లాగుడును భరిస్తోందంటే కింద అతికించిన బ్రేసుల వల్లే. చెక్క తేమను పీల్చుకుంటే పీచుకు అడ్డంగా ఉబ్బుతుంది, తేమ పోతే అడ్డంగానే కుంచించుకుపోతుంది. పొడవునా దాదాపు మారదు. బ్రేసులను పలక పీచుకు అడ్డంగానో ఏటవాలుగానో అతికిస్తారు. అందుకని పలక కుంచించుకుపోవాలని చూస్తుంటే బ్రేసులు దాన్ని కదలనివ్వవు. ఒక హద్దు దాటాక పలక పీచు వెంట చీలుతుంది. పగులు అంటే ఇదే. గిటార్‌ను ఎవరూ కొట్టనక్కర్లేదు, కింద పడేయనక్కర్లేదు.

ఈ గిటార్లను 45 నుంచి 50 శాతం దాకా తేమ ఉండేలా నియంత్రించిన గదుల్లో తయారుచేస్తారు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం లోపుకు పడిపోతుంది. దానికి తోడు ఏసీ వేస్తే గది ఇంకా ఎండిపోతుంది. జులై, ఆగస్టులకు వచ్చేసరికి 80 శాతం దాటుతుంది. మీ గిటార్ ఏడాదిలో ఈ రెండు కొసలనూ చూడాలి. విశాఖపట్నం, కాకినాడల్లో ఉండేవారికి ఎండు బాధ తక్కువ. అక్కడ ఏడాదంతా తేమే, పైగా సముద్రపు ఉప్పుగాలి తీగలనూ ట్యూనింగ్ కీలనూ తినేస్తుంది.

అందుకని మొట్టమొదట ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ (గాలిలో తేమ కొలిచే పరికరం) కొని కేసులో పెట్టండి. తీగల కన్నా ముందు దానికి ఖర్చు పెట్టండి. గదిలో వేలాడదీసి లాభం లేదు, గిటార్ ఉండేది కేసులో కాబట్టి కేసు లోపలి అంకె కావాలి. 40కి, 55కి మధ్య ఉంటే నిశ్చింత. 40 కిందికి దిగితే తేమ ఇవ్వాలి. రెండు వైపులా పనిచేసే తేమ ప్యాకెట్లు, అంటే అవసరమైతే తేమ వదిలి, ఎక్కువైతే పీల్చుకునేవి, దొరుకుతాయి. వాటిని 49 శాతం దగ్గర నిలిచేలా చేస్తారు. సౌండ్ హోల్‌లో తీగల మీదుగా వేలాడే సంచిలో రెండు, నెక్ కొసన ఉండే తలకట్టు దగ్గర ఒకటి పెట్టుకోవాలి. ప్యాకెట్ అప్పడంలా గట్టిపడిందంటే దాని పని అయిపోయినట్టు. వేసవిలో అవి తొందరగా ఎండిపోతాయి, ఖర్చు అనిపిస్తుంది. అలాంటప్పుడు మూత ఉన్న సబ్బు పెట్టెకు పైన రంధ్రాలు వేసి, లోపల స్పాంజి ముక్కను డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, చుక్క కూడా కారకుండా పిండి పెట్టి, కేసులో నెక్ కింద ఉండే అరలో ఉంచండి. మూడు నాలుగు రోజులకోసారి మళ్లీ తడపండి. వానాకాలంలో దీన్ని తీసేసి సిలికా జెల్ పెట్టాలి, అదీ హైగ్రోమీటర్ చూస్తూనే. మర్చిపోయి నెలల తరబడి వదిలేస్తే అది అవసరానికి మించి పీల్చేస్తుంది.

గిటార్ ఎండిందా, నానిందా అన్నది దాని ఒంటి మీదే కనిపిస్తుంది. ఎండితే పై పలక లోపలికి దిగుతుంది, తీగలు ఫ్రెట్లకు దగ్గరై జరజరమంటాయి, నెక్ అంచు వెంట చెయ్యి జార్చితే ఫ్రెట్ల కొసలు గుచ్చుకుంటాయి. ఫ్రెట్ లోహం, అది కుంచించుకుపోదు. దాని చుట్టూ ఉన్న ఎబొనీ చెక్క కుంచించుకుపోతుంది. నానితే పలక బ్రిడ్జి (పలక మీద తీగలు బిగించే చెక్క) వెనుక ఉబ్బుతుంది, యాక్షన్ పెరుగుతుంది, మోత బొంగురుపోతుంది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. మే నెలలో తీగలు జరజరమంటున్నాయని శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నని పట్టీ) ఎత్తు పెంచడం, ఆగస్టులో యాక్షన్ పెరిగిందని అదే శాడిల్‌ను అరగదీయడం చేస్తే ఏడాది తిరిగేసరికి గిటార్ ఏ కాలానికీ సరిపోదు. ముందు కేసులో తేమను సరిచేసి వారం రోజులు ఆగండి. తొంభై పాళ్లు గిటార్ తనంతట తనే సర్దుకుంటుంది. అప్పటికీ సరిపోకపోతే రిపేరు నిపుణుడి దగ్గరికి వెళ్లండి.

వేడి గురించి ఒకే మాట: నిలిపి ఉంచిన కారులో గిటార్ వదలకండి. డిక్కీలో అసలు వద్దు. మన ఎండల్లో మూసిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది. తీగల లాగుడుకు బ్రిడ్జి వెనుక అంచు పలక నుంచి లేవడం మొదలవుతుంది. ఒక పలచని కాగితం ముక్కను ఆ అంచు కిందికి తోసి చూడండి. దూరిపోతే తీగలు వదులు చేసి నేరుగా రిపేరుకు తీసుకెళ్లాలి. మధ్యాహ్నం ముహూర్తానికి వెళ్లి సాయంత్రం సంగీత్ దాకా ఆగవలసి వస్తే గిటార్‌ను మీతోపాటు విడిది గదికి తీసుకెళ్లండి. ఎవరైనా ఏమనుకుంటారోనని మొహమాటపడకండి.

ఇక వాడకం వల్ల వచ్చే అరుగుదల. ఓపెన్ కార్డులు ఎక్కువగా వాయించేవారికి మొదటి మూడు ఫ్రెట్ల మీద సన్న తీగల కింద గుంటలు పడతాయి. వారానికి రెండు కార్యక్రమాలు, రోజూ సాధన అంటే కొన్నేళ్లకే ఇవి కనిపిస్తాయి. కంగారు పడనక్కర్లేదు. ఫ్రెట్లన్నింటినీ ఒకే మట్టానికి అరగదీసి, మళ్లీ గుండ్రంగా మలిచి మెరుగుపెడతారు. ఇలా రెండు మూడు సార్లు చేయించుకోవచ్చు. ఆ తర్వాత ఎత్తు చాలదు, కొత్త ఫ్రెట్లు వేయించాలి. అప్పుడు స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు వేయించుకోవాలన్నది నా సలహా. మామూలు నికెల్ సిల్వర్ ఫ్రెట్ల కన్నా అవి చాలాకాలం మన్నుతాయి. ధ్వనిలో తేడా వస్తుందనేవారున్నారు, స్టేజీ మీద మాత్రం ఆ తేడా నాకెప్పుడూ వినిపించలేదు. పని ఒప్పజెప్పే ముందు ఒక ప్రశ్న అడగండి: పాత ఫ్రెట్లను వేడిచేసి తీస్తారా? ఎబొనీ పెళుసు చెక్క. ఫ్రెట్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి మెల్లగా పైకి తీయాలి, లేకపోతే అంచుల వెంట పెచ్చులు లేస్తాయి. ఈ ప్రశ్నకు తడుముకునేవారి చేతిలో డి-28 పెట్టకండి.

ఫ్రెట్ల కన్నా పెద్ద విషయం నెక్ కోణం. తీగల లాగుడుకు ఏళ్ల తరబడి గిటార్ ఒళ్లంతా కొద్దికొద్దిగా ముడుచుకుంటుంది, నెక్ ముందుకు వాలుతుంది, యాక్షన్ పెరుగుతుంది. దాన్ని తగ్గించడానికి శాడిల్‌ను అరగదీస్తూ పోతారు. ఒక రోజు అరగదీయడానికి శాడిల్ మిగలదు. మీరే చూసుకునే పద్ధతి ఉంది. పొడవైన, వంపులేని స్టీలు స్కేలును నెక్ మధ్యలో ఫ్రెట్ల మీద పెట్టి బ్రిడ్జి వైపు జరపండి. దాని కొస బ్రిడ్జి చెక్క పైభాగాన్ని తాకీ తాకకుండా వెళ్లాలి. చెక్క ముందు గోడకు ఢీకొంటే కోణం తప్పినట్టే. బ్రిడ్జి చెక్క మీద శాడిల్ మూడు మిల్లీమీటర్లు పైకి కనిపిస్తుంటే ఆరోగ్యం, ఒకటిన్నరకు దిగితే నెక్ రీసెట్ దగ్గరపడ్డట్టు. కొత్త గిటార్‌కు ఈ రోజే కొలిచి రాసిపెట్టుకోండి, ఏటా ఒకే నెలలో మళ్లీ కొలవండి.

డి-28 నెక్ ఒంటికి డవ్‌టెయిల్ కీలుతో అతికి ఉంటుంది. రీసెట్ అంటే ఆ కీలులోకి ఆవిరి పంపి జిగురు కరిగించి, నెక్ ఊడదీసి, నెక్ మడమ చెక్కను (ఒంటికి ఆనే చోటు) సన్నగా చెక్కి, మళ్లీ అతికించడం. ఇది తెలిసినవారు మన దేశంలో కొద్దిమందే. అందుకే స్టేజీ కోసమే కొత్తగా కొనాలనుకునేవారు నన్ను అడిగితే టేలర్ కంపెనీ గిటార్‌ను కూడా చూడమంటాను. 1999 నుంచి ఆ సంస్థ వాడుతున్న నెక్ బోల్టులతో బిగించేది. మధ్యలో పలచని చెక్క బిళ్లలు మార్చి కోణం సరిచేయవచ్చు, ఆవిరీ జిగురూ అక్కర్లేదు. మీ దగ్గర ఇప్పటికే డి-28 ఉంది కాబట్టి దిగులు వద్దు, తేమ సరిగా చూసుకున్న గిటార్‌కు రీసెట్ అవసరం రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అయితే ఒక్కటి గట్టిగా చెబుతున్నాను: యాక్షన్ తగ్గించడానికి శాడిల్ చాలక బ్రిడ్జి చెక్కనే చెక్కేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది పది నిమిషాల పని. దాని నష్టం మాత్రం గిటార్ ఉన్నంతకాలం ఉంటుంది.

తీగలు మార్చేటప్పుడు కూడా ఒక చిన్న సంగతి. తీగ చివరి గుండును రంధ్రంలో వేసి పిన్ను నొక్కాక, తీగను పైకి ఒకసారి లాగి గుండు బ్రిడ్జి ప్లేటుకు (బ్రిడ్జి కింద, పలక లోపలి వైపు అతికించిన చెక్క) ఆనేదాకా చూడండి. పిన్ను కొసకే వేలాడుతుంటే బిగించినప్పుడు జారి ప్లేటు రంధ్రాలను కొరుకుతుంది. తరచూ తీగలు మార్చే స్టేజీ గిటార్లలో ప్లేటు ఇలాగే అరిగిపోతుంది. చిన్న అద్దం, ఫోను లైటు ఉంటే సౌండ్ హోల్‌లోంచి చూడవచ్చు.

ఇప్పుడు స్టేజీ ధ్వని. డ్రమ్స్, కీబోర్డు ఉన్న పెళ్లి వేదిక మీద శ్రోతలకు వినిపించేది మీ గిటార్ రోజ్‌వుడ్ చెక్క కాదు, మీ పికప్, అంటే కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం. అందుకని డి-28ని ఉన్నదున్నట్టు మైకు ముందు పెట్టి వాయించే ఆలోచన మానుకోండి, మంచి పికప్ వేయించండి. చర్చిలో, కాఫీ షాపులో నెమ్మదైన వాయిద్యానికి బ్రిడ్జి ప్లేటు కింద అతికించే రకం సహజంగా ఉంటుంది, కె అండ్ కె ప్యూర్ మినీ అలాంటిదే. దానికి బ్యాటరీ ఉండదు. గట్టి మోత ఉండే వేదికలకు శాడిల్ కింద పెట్టే రకం ఫీడ్‌బ్యాక్‌ను (స్పీకర్ ధ్వని తిరిగి గిటార్‌లోకి చేరి మోగడం) ఎక్కువ తట్టుకుంటుంది. ఏదైనా సరే, పక్క చెక్కను కోసి ప్రీయాంప్ (సంకేతాన్ని పెంచే పరికరం) బిగించే పని డి-28కి చేయించవద్దు. బెల్టు పిన్ను రంధ్రాన్నే కాస్త పెద్దది చేసి కేబుల్ గుచ్చే జాక్ పెట్టించుకోండి. ఆ జాక్ నట్టు స్టేజీ మీద వదులవుతూ ఉంటుంది. బయటి నట్టును మాత్రమే తిప్పితే లోపల జాక్ మొత్తం తిరిగి వైరు తెగుతుంది. సన్నని ఊచతో జాక్‌ను కదలకుండా ఆపి నట్టు బిగించాలి.

బ్యాటరీ లేని పికప్‌ను నేరుగా మిక్సర్‌లో పెడితే పీలగా, రేకు మీద కొట్టినట్టు వినిపిస్తుంది, ఎందుకంటే ఆ పికప్‌కు ఒక మెగాఓమ్, అంతకన్నా ఎక్కువ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సంకేతానికి ఎదురయ్యే నిరోధం) కావాలి. మీ సొంత ప్రీయాంప్ డీఐ పెట్టె (గిటార్ సంకేతాన్ని మిక్సర్‌కు తగ్గట్టు మార్చేది) ఒకటి సంచిలో ఉండాలి. అందులో ఫేజ్ స్విచ్చు (ధ్వని తరంగాన్ని తిరగేసేది), నాచ్ ఫిల్టరు (ఒక్క సన్నని స్వర పట్టీని మాత్రమే తగ్గించేది) ఉండేలా చూసుకోండి. డ్రెడ్‌నాట్ (డి-28 లాంటి పెద్ద ఒళ్లున్న గిటార్) ఒంట్లోని గాలి 100 హెర్ట్జ్ చుట్టుపక్కల కంపిస్తుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ 98 హెర్ట్జ్, ఐదో తీగ 110 హెర్ట్జ్. అందుకే జీ కార్డు వేసిన ప్రతిసారీ మానిటర్ (వాయించేవారి వైపు తిప్పి ఉంచే స్పీకర్) బోంయ్ అంటుంది. సౌండ్ చెక్‌లో ఆరో తీగ మూడో ఫ్రెట్ ఒక్కటే మీటి, మానిటర్ పెంచుతూ పోయి, మోత మొదలైన చోట నాచ్‌ను 95 నుంచి 115 దాకా మెల్లగా తిప్పండి. ఒక చోట మోత ఠక్కున ఆగుతుంది, అక్కడ వదిలేయండి. తర్వాత ఫేజ్ స్విచ్చు మార్చి చూడండి. అప్పటికీ చాలకపోతే సౌండ్ హోల్‌కు రబ్బరు మూత పెట్టండి, కార్యక్రమం అయ్యాక దాన్ని తీసేయండి.

రబ్బరు అంటే గుర్తొచ్చింది. డి-28 మెరుపు నైట్రోసెల్యులోజ్ లాకర్, అంటే ఒక రకం పూత. చవక స్టాండ్ల రబ్బరు దానితో రసాయనికంగా కలిసి మచ్చ వేస్తుంది, స్టాండుకు నూలు గుడ్డ చుట్టండి. డీట్ అనే రసాయనం ఉన్న దోమల క్రీము, చేతుల శానిటైజరు లాకర్‌ను కరిగిస్తాయి. ఆరుబయట సాయంత్రం కార్యక్రమాలకు ఇది నిజమైన ప్రమాదం, చేతులు కడుక్కుని గుడ్డతో తుడుచుకున్నాకే గిటార్ పట్టుకోండి. చెమటను తీగల కింది వైపు కూడా తుడవాలి.

రాత్రి రైలులో విశాఖపట్నం వెళ్లి దిగగానే కేసు తెరవకండి. ఏసీలో చల్లబడిన చెక్క మీద అక్కడి గాలి తడి వెంటనే పడుతుంది. ఒక గంట మూసే ఉంచండి. విమానానికి గట్టి కేసు తప్పనిసరి. తలకట్టు కిందా, వెనకా మెత్తని గుడ్డలు కుక్కి, తీగలను కొద్దిగా వదులు చేయండి. విమానంలో దెబ్బతిన్న గిటార్లలో ఎక్కువ భాగానికి విరిగేది తలకట్టు దగ్గరే.

అమెరికా తెలుగు సంఘాల సభలకు వాయించడానికి వెళ్లే అవకాశం వస్తే ఒక భయం పెట్టుకోకండి. అప్పటికే ఆంక్షలున్న బ్రెజిల్ రోజ్‌వుడ్ తప్ప మిగతా రోజ్‌వుడ్ జాతులన్నింటినీ 2017 జనవరి 2న సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చినప్పుడు సంగీతకారులు చాలా ఇబ్బంది పడ్డారు. పూర్తిగా తయారైన వాద్యాలకు మినహాయింపు 2019 నవంబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. మీ గిటార్‌కు వెనకా పక్కలా ఉన్నది ఈస్టిండియన్ రోజ్‌వుడ్, అంటే మన పడమటి కనుమల్లో పెరిగే చెట్టు జాతే. దానికి ఇప్పుడు సైటీస్ అనుమతి పత్రాలు అక్కర్లేదు. బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉన్న పాత గిటార్లకు మాత్రం ఆంక్షలు ఇంకా ఉన్నాయి, మార్టిన్ 1969 దాకా డి-28లో దాన్నే వాడింది. వెళ్లేటప్పుడు ఇక్కడి విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి, తిరిగి వచ్చేటప్పుడు కొత్తగా కొన్నారనుకుని సుంకం అడగకుండా ఉంటుంది. అమెరికా విమాన సంస్థలు, ఎక్కే సమయానికి పైన చోటు ఉంటే గిటార్‌ను క్యాబిన్‌లోకి అనుమతించాలన్న నిబంధన 2015 మార్చి నుంచి అమల్లో ఉంది. కాబట్టి వీలైనంత ముందుగా విమానం ఎక్కే వరుసలో ఉండండి.

పాత గిటార్‌ను అమ్మేయకండి. మండుటెండలో ఊరేగింపు ముందు వాయించమన్నా, వాన కురిసే వేళ పైకప్పు లేని వేదిక అయినా, తాగి స్టేజీ ఎక్కే అతిథులు ఉన్న చోటైనా దాన్నే తీసుకెళ్లండి. మిగతా అన్నిచోట్లకూ డి-28 వెళ్లవచ్చు. బీమా సంగతి కూడా ఇప్పుడే చూడండి. మామూలు గృహ బీమాలో సంపాదన కోసం బయటికి తీసుకెళ్లే వాద్యానికి రక్షణ ఉంటుందని అనుకోకుండా ఏజెంటును రాతపూర్వకంగా అడగండి. మార్టిన్ వారంటీ మొదటి కొనుగోలుదారుకే వర్తిస్తుంది, బిల్లు మీ అన్నయ్య పేరున ఉండి ఉంటుంది, అందుకని అసలు బిల్లు తెప్పించి దగ్గర ఉంచుకుని, మీ విషయంలో ఎలా వర్తిస్తుందో కంపెనీనే అడగండి. సౌండ్ హోల్‌లోకి లైటు వేసి చూస్తే నెక్ వైపు ఉన్న చెక్క దిమ్మె మీద వరుస సంఖ్య ముద్రించి ఉంటుంది. దాన్ని, గిటార్ ముందు వెనుకలను ఫొటోలు తీసి బిల్లుతోపాటు ఒకచోట భద్రపరచండి. ఆ శాడిల్ కొలత కూడా అందులోనే రాసి పెట్టుకోండి.